గట్టిపడాల్సింది పిల్లలు కాదు

పోయిన దసరాకు అమ్రాబాద్ పోయినప్పుడు మా పక్కింటి అమ్మాయి తన ఫోన్‌లో ఒక సర్క్యులర్ చూపించింది. ఆమె ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చదువుతోంది. ఏ కాలేజీయో రాయను. అలాంటి సర్క్యులర్ ఏ కాలేజీలోనైనా వచ్చి ఉండొచ్చు. శనివారం సాయంత్రం నాలుగింటికి ‘ఒత్తిడిని జయించడం ఎలా’ అనే విషయం మీద ప్రసంగం. అందరూ తప్పక రావాలి. హాజరు తీసుకుంటారు. రానివాళ్ల మీద చర్య ఉంటుంది.

“చూసినవా అన్నా, ఒత్తిడి తగ్గించుకోకపోతే యాక్షన్ తీసుకుంటరంట” అని నవ్వింది.

నేనూ నవ్విన. కానీ హైదరాబాద్ తిరిగొస్తూ మన్ననూరు ఘాట్ దిగుతున్నప్పుడు ఆ మాటే మళ్లీ మళ్లీ గుర్తొచ్చింది.

ఆమె పదో తరగతి దాకా ఊళ్లోనే తెలుగు మీడియంలో చదివింది. వాళ్ల నాన్న మన్ననూరుకూ అమ్రాబాద్‌కూ మధ్య ఆటో నడుపుతాడు. ఇంటర్ బైపీసీ, ఆ తర్వాత ఒక ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్, నీట్, సీటు. ఊళ్లో ఫ్లెక్సీ కూడా కట్టారు. ఫస్టియర్‌లో అనాటమీ వైవా నాడు బ్రేకియల్ ప్లెక్సస్ గురించి అడిగారు. మెడ దగ్గర మొదలై చేతిలోకి పోయే నరాల అల్లిక అది. ఆమెకు తెలుసు. బొమ్మ గీయమంటే గీస్తుంది. ఇంగ్లీషులో వాక్యం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. “తెలుగు మీడియమా?” అని అడిగారట. పక్కనున్నవాళ్లు నవ్వారు. అంతే. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఆ తర్వాత ఏడాది పాటు ఆమె క్లాసులో ఒక్క ప్రశ్న అడగలేదు. మెస్‌లో అందరూ తినిపోయాక వెళ్లి తినేది. మెంటర్ అని ఒకరిని కేటాయించారు. ఆయన మంచివాడే. “కాన్ఫిడెన్స్ పెంచుకో అమ్మా” అన్నారట.

నా గొడవంతా ఈ “పెంచుకో” దగ్గరే. వైద్య విద్యలో, సైన్స్ విద్యలో పిల్లలు కుంగిపోతున్నారని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు. ఒప్పుకున్నాక మందు మాత్రం పిల్లల నోట్లోనే పోస్తున్నారు. ధైర్యం పెంచుకో, నిద్ర సరిచూసుకో, ప్రాణాయామం చెయ్యి, ‘రెసిలియెన్స్’ అలవరచుకో. అసలు పాఠం ఎట్లా చెప్తున్నారు, పరీక్ష ఎట్లా పెడుతున్నారు, డ్యూటీ ఎన్ని గంటలు వేస్తున్నారు అన్న ప్రశ్నలు మాత్రం సర్క్యులర్‌లో కనపడవు. పిల్లల మనసు బాగుండటం, పాఠం బాగుండటం వేర్వేరు విషయాలు కావు. గత పదిహేనేళ్ల పరిశోధన చెప్తున్నదీ చాలావరకు ఇదే. మనమే వినట్లేదు.

ముందు లెక్కలు చూద్దాం. నేషనల్ మెడికల్ కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ 2024లో వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద నివేదిక ఇచ్చింది. 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థులు, 5,337 మంది పీజీలు, 7,035 మంది అధ్యాపకులు ఆన్‌లైన్ సర్వేకు జవాబిచ్చారు. తమకు మానసిక సమస్య ఉన్నట్టు నిర్ధారణ అయిందని చెప్పినవాళ్లు ఎంబీబీఎస్‌లో 27.8 శాతం, పీజీల్లో 15.3 శాతం. చనిపోవాలన్న ఆలోచన వచ్చిందన్నవాళ్లు ఎంబీబీఎస్‌లో దాదాపు 16 శాతం, పీజీల్లో దాదాపు 31 శాతం. ఇది ఇష్టమున్నవాళ్లు నింపిన సర్వే కాబట్టి అంకెల్ని కొంచెం జాగ్రత్తగానే పట్టుకుందాం. అయినా ఇది మన దగ్గరి వింతేం కాదు. 2016లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ప్రపంచవ్యాప్త అధ్యయనాలన్నిటినీ కలిపి చూశారు. వైద్య విద్యార్థుల్లో 27 శాతం మందికి కుంగుబాటు లక్షణాలున్నాయి. అట్లా తేలినవాళ్లలో చికిత్స కోసం వెళ్లింది 16 శాతం లోపే.

దానికి ముందు సమాచార హక్కు కింద బయటికొచ్చిన లెక్క ఇంకోటి ఉంది. అయిదేళ్లలో దేశంలో 122 మంది వైద్య విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 1,270 మంది చదువు మానేశారు. మానేసినవాళ్లలో 1,117 మంది పీజీలే. మధ్యలో సీటు వదిలేస్తే లక్షల్లో కట్టాలని బాండ్లు రాయించుకున్న దేశంలో ఇంతమంది వదిలేసి వెళ్లారు.

మరి వ్యవస్థ ఏం చేసింది? 2022 మార్చిలో ఎన్‌ఎంసీ కొత్త బ్యాచ్‌ల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో జూన్ 12 నుంచి పది రోజుల యోగా ఉంది. యోగా మీద నాకేం కోపం లేదు. కౌన్సెలర్ల మీద, టెలీమానస్ 14416 నంబర్ మీద అంతకన్నా లేదు. రాత్రి రెండింటికి ఎవరికైనా ఊపిరాడనట్టు ఉంటే ఆ నంబర్‌కే చెయ్యాలి. ఎందుకు రాశావని తర్వాత ఎవరైనా నన్ను తిట్టినా సరే, ఇక్కడ రాస్తున్నా. కానీ ఆ నంబర్ అంబులెన్స్ లాంటిది. ఒకే మలుపులో రోజూ ప్రమాదాలు జరుగుతుంటే అంబులెన్సులు పెంచి ఊరుకోం కదా, రోడ్డు సంగతి కూడా చూస్తాం.

నేను సాఫ్ట్‌వేర్ పని చేస్తా. అక్కడ అర్ధరాత్రి సర్వర్ పడిపోతే తెల్లారి ఒక కాగితం రాస్తాం. దాన్ని ‘పోస్ట్‌మార్టం’ అంటాం. మాట మెడిసిన్ నుంచే అరువు తెచ్చుకున్నాం. ఆ కాగితానికి ఒక నియమం ఉంది. ఎవరిది తప్పు అని రాయకూడదు. ఆ తప్పు జరగడానికి వీలు ఎక్కడుందో రాయాలి. ఒకే చోట మూడుసార్లు పడిపోయిందంటే సర్వర్‌కు మనోధైర్యం లేదని ఎవరూ అనరు. దాని మీద ఎంత బరువు వేశామో చూస్తారు. మా ఐటీ వాళ్లేదో గొప్పవాళ్లని కాదు, మాకూ యోగా డేలు, వెల్‌నెస్ మెయిళ్లు ఉన్నాయి. కానీ యంత్రం విషయంలో చూపించే ఆ కనీస ఇంగితం పిల్లల విషయంలో ఎందుకు చూపించం?

వైద్య విద్యలో అట్లా చూసినవాళ్లు ఉన్నారు. అమెరికాలో సెయింట్ లూయిస్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్‌లో పిల్లల కుంగుబాటు చూసి ఏం చేశారంటే, మొదట సిలబస్‌ను పట్టుకున్నారు. తొలి రెండేళ్లకు ర్యాంకులూ గ్రేడ్లూ తీసేసి పాస్, ఫెయిల్ మాత్రం ఉంచారు. క్లాసు గంటలు తగ్గించారు. ఇష్టమైన విషయం చదువుకోవడానికి సమయం ఇచ్చారు. చిన్న చిన్న బృందాలుగా టీచర్లతో కలిపి కూర్చోబెట్టారు. 2014లో ఫలితాలు అచ్చేశారు. కుంగుబాటు, ఆందోళన తగ్గాయి. అంతకు ముందు 2009లో వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు చూపించిందీ ఇదే. గ్రేడ్లు తీసేస్తే పిల్లలు స్థిమితపడ్డారు, చదువు మాత్రం తగ్గలేదు. అమెరికాలో లైసెన్సు పరీక్ష తొలి మెట్టును కూడా 2022 జనవరి నుంచి పాస్, ఫెయిల్‌కే పరిమితం చేశారు.

ఇది మన దగ్గర ఇంకా సులువు. పీజీ సీటు నీట్ పీజీతో వస్తుంది, ఎంబీబీఎస్ క్లాసులో ఎన్నో ర్యాంకు అనేదాంతో కాదు. అంటే నోటీస్ బోర్డు మీద ఇంటర్నల్ మార్కులు పేర్లతో సహా అంటించడం వల్ల ఎవరికీ ఏ సీటూ రాదు. అది అలవాటు కొద్దీ చేస్తున్న అవమానం. రేపు ఉదయం ఆపేస్తే ప్రభుత్వానికి ఒక్క రూపాయి కూడా ఖర్చు కాదు.

సైన్స్ విద్య గురించి ఇంకా గట్టి సాక్ష్యం ఉంది. 2014లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో 225 అధ్యయనాలు కలిపి చూశారు. టీచర్ చెప్తుంటే పిల్లలు రాసుకునే పద్ధతిలో, పిల్లలతో చేయిస్తూ మాట్లాడిస్తూ చెప్పే పద్ధతితో పోలిస్తే, ఫెయిలయ్యే అవకాశం ఒకటిన్నర రెట్లు. 2020లో అదే పత్రికలో ఇంకో బృందం ఇంకో ప్రశ్న అడిగింది. ఎవరికి ఎక్కువ మేలు జరిగింది? చదువులో వెనక ఉంచబడ్డ వర్గాల పిల్లలకు. పద్ధతి మారిన తరగతుల్లో వాళ్లకూ మిగతావాళ్లకూ మధ్య పరీక్ష మార్కుల తేడా 33 శాతం, పాసవడంలో తేడా 45 శాతం తగ్గింది. పిల్లలు వాళ్లే, పరీక్షా అదే తీరు. మారింది పాఠం చెప్పే పద్ధతి. “రిజర్వేషన్ పిల్లలు అందుకోలేరు” అని స్టాఫ్‌రూముల్లో గుసగుసలాడేవాళ్లు ఈ ఒక్క అంకెకు జవాబు చెప్పాలి. వాళ్లు అందుకోలేకపోవడం కాదు, మీరు అందించడం లేదు.

ఇక భాష. నీట్ 13 భాషల్లో పెడతారు, తెలుగు కూడా ఉంది. గేటు దగ్గర తెలుగు ఉంది, లోపల ఇంట్లో లేదు. కిరణజన్య సంయోగక్రియ అని నేర్చుకున్న పిల్ల ఇంటర్‌లో అదే ఫోటోసింథసిస్ అని రెండోసారి నేర్చుకుంటుంది. ఎంబీబీఎస్ మొదటి వారంలోనే లాటిన్, గ్రీకు మాటలు వందల్లో వచ్చి పడతాయి. ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లకు అవి కొత్త మాటలు. మా అమ్రాబాద్ పిల్లకు ఆ మాటలూ కొత్తే, వాటిని వివరించే మాటలూ కొత్తే. ఇద్దరికీ ఒకే గంట, ఒకే స్లైడ్, ఒకే వైవా.

నేను తెలుగు ఎంబీబీఎస్ అడగట్లేదు. మా ఊళ్లో ఏ తల్లీ అది అడగదు. అయితే సొంత భాషలో మెడిసిన్ అసాధ్యం అనేవాళ్లకు ఒక చరిత్ర గుర్తు చేయాలి. అమ్రాబాద్ ఒకప్పుడు నిజాం రాజ్యం. 1918లో పుట్టిన ఉస్మానియా యూనివర్సిటీ మెడిసిన్‌తో సహా ఆధునిక విద్యను ఉర్దూలో చెప్పింది. పుస్తకాలు అనువదించడానికి ప్రత్యేకంగా ఒక సంస్థనే పెట్టారు. డాక్టర్లు తయారయ్యారు. రాజ్యం అనుకుంటే భాష అడ్డం కాలేదు. కాకపోతే మా నల్లమల పిల్లలకు ఉర్దూ కూడా పరాయిదే. అప్పుడు ఉర్దూ రానందుకు బయట నిలబడ్డారు, ఇప్పుడు ఇంగ్లీషు రానందుకు లోపల తల దించుకుని నిలబడుతున్నారు. అడిగేది చిన్నదే. తొలి ఏడాది వైవాలో తెలుగులో జవాబు చెప్పే హక్కు. పాఠంలో రెండు భాషల్లో వివరణ. బొమ్మ గీసి చూపించినా మార్కులు. రేపు ఈ డాక్టర్ రోగితో మాట్లాడేది తెలుగులోనే కదా.

గంటల సంగతి ఇంకా వింత. 1992 జూన్ 5న కేంద్ర ఆరోగ్యశాఖ రెసిడెంట్ డాక్టర్ల పనివేళలు వారానికి 48 గంటలనీ, ఏకబిగిన 12 గంటలు మించొద్దనీ ఆదేశం ఇచ్చింది. ముప్పై రెండేళ్ల తర్వాత టాస్క్‌ఫోర్స్ వచ్చి వారానికి 74 గంటలు మించకూడదని, వారానికో రోజు సెలవుండాలని, ఏడెనిమిది గంటల నిద్ర ఉండాలని సిఫార్సు చేసింది. 48 నుంచి 74కు వెనక్కి పోయి, దాన్నే సంస్కరణ అంటున్నాం. ఆ 74 కూడా ఇంకా కలలాగే ఉందని ఏ పీజీని అడిగినా చెప్తారు.

“డాక్టరంటే ఆ మాత్రం ఓర్పు ఉండాలి, ప్రాణాలతో పని” అంటారు సీనియర్లు. ప్రాణాలతో పని కాబట్టే నేనూ అంటున్నా. 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం ప్రకారం, 24 గంటలు దాటే డ్యూటీలున్న పాత పద్ధతిలో ఇంటర్న్‌లు ఐసీయూలో 36 శాతం ఎక్కువగా తీవ్రమైన పొరపాట్లు చేశారు. తర్వాత వచ్చిన పెద్ద ప్రయోగాలు ఒక్కో డ్యూటీ నిడివి పెంచినా రోగుల మరణాల్లో తేడా కనపడలేదన్నాయి. నిజమే, దాన్నీ దాచొద్దు. కానీ ఆ ప్రయోగాల్లో కూడా వారానికి 80 గంటల హద్దు హద్దుగానే ఉంది. హద్దే లేని చోటికి ఆ ఫలితాన్ని తెచ్చి అతికించడం కుదరదు.

“మేమూ ఇట్లాగే చదివాం” అన్నది రెండో వాదన. చదివారు. మీతో పాటు చేరి మధ్యలో వెళ్లిపోయినవాళ్లు ఇప్పుడు మీ పక్కన కూర్చుని ఈ మాట అనలేరు కదా. మిగిలినవాళ్ల మాటే మనకు వినపడుతుంది.

మూడో వాదన అధ్యాపకులది, దాంట్లో న్యాయం ఉంది. మా వైపు మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో, నాగర్‌కర్నూల్‌లో 2022లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఒకప్పుడు అచ్చంపేట దాటి డాక్టర్ దొరకడమే గగనమైన మా ప్రాంతానికి ఇది చిన్న సంగతి కాదు. కానీ భవనాలు వచ్చినంత తొందరగా టీచర్లు రాలేదు. 2025లో ఎన్‌ఎంసీ తెలంగాణలోని చాలా ప్రభుత్వ వైద్య కళాశాలలకు అధ్యాపకుల కొరత మీద నోటీసులిచ్చింది. ఇద్దరు చేయాల్సిన పని ఒకరు చేస్తున్న చోట, ఆ ఒకరు ప్రతి పిల్లనూ పేరు పెట్టి పిలవాలంటే ఎట్లా? కాబట్టి నేను వైవాలో ఆ మాట అన్న మనిషి మీద రాయట్లేదు. ఆ మాటే ఆ గదిలో మామూలైపోయిన తీరు మీద రాస్తున్నా. 2024 జూన్‌లో మన జూనియర్ డాక్టర్లు సమ్మె చేసింది దేనికి? నెలనెలా స్టైపెండ్ కోసం, ఉస్మానియా, గాంధీల్లో హాస్టళ్ల కోసం. ‘వెల్‌నెస్’ అంటే అది.

ఇప్పుడు మనవైపు, అంటే సాహిత్యం చదివేవాళ్ల వైపు వస్తా. 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో అనస్థీషియా పీజీ చదువుతున్న ఒక గిరిజన యువ డాక్టర్ చనిపోయింది. సీనియర్ వేధింపుల మీద కేసు నమోదైంది. మనం చాలా కవితలు రాశాం. డ్యూటీలు ఎవరు వేస్తారు, ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి, ఇచ్చాక ఎన్ని గంటల్లో ఏం జరగాలి అని అడిగిన వ్యాసాలు ఎన్ని రాశాం? 2007లోనే థోరట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థులకు టీచర్ల సాయం అందకపోవడం, వైవాల్లో వివక్ష, హాస్టల్లో వేరుపడిపోవడం గురించి రాసిపెట్టింది. మనలో చదివినవాళ్లు ఎందరు?

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2008లో ఒక ఫిజిక్స్ పరిశోధక విద్యార్థి, 2013లో ఒక కెమిస్ట్రీ పరిశోధక విద్యార్థి చనిపోయారు. అప్పుడు చర్చకొచ్చినవి గైడ్ కేటాయింపు, కోర్స్‌వర్క్, ఫెలోషిప్ లాంటి పొడి విషయాలు. మనకు పెద్దగా పట్టలేదు. 2016 జనవరి 17న రోహిత్ వేముల వెళ్లిపోయాక అతని ఉత్తరం దేశమంతా చదివింది. సైన్స్ రచయిత కావాలనుకున్న మనిషి రాసిన ఉత్తరం అది. మనం దాన్ని సాహిత్యంగా చదివాం, అనువదించుకున్నాం, ఏడ్చాం. అదే ఉత్తరంలో ఏడు నెలలుగా రాని ఫెలోషిప్ డబ్బుల లెక్క కూడా ఉంది. మనం నక్షత్రాల దగ్గర ఆగిపోయి ఆ లెక్క దగ్గర త్వరగా ముందుకు వెళ్లిపోయాం. అందంగా రాయగలిగినవాడి బాధే మనల్ని కదిలిస్తే, వైవాలో వాక్యం పూర్తి చేయలేని పిల్ల బాధ మన దాకా ఎట్లా వస్తుంది?

ఆమె సంగతితోనే ముగిస్తా. వైద్య విద్యార్థులు పల్లెల్లో కుటుంబాలను ‘దత్తత’ తీసుకునే కార్యక్రమం ఒకటి ఇప్పుడు సిలబస్‌లో ఉంది. ఆమె బ్యాచ్‌ను అడవి అంచున ఉన్న ఒక పల్లెకు తీసుకుపోయారు. ఆమె ఊరి లాంటి ఊరే. ఆమెను ఎవరో దత్తత తీసుకోవాల్సిన ఊరికి ఆమే దత్తత తీసుకోను పోయింది. ఒక ముసలమ్మ చాలా రోజులుగా దగ్గుతోంది. తోటి పిల్లలు “డ్యూరేషన్ ఎంత, స్పూటమ్ వస్తుందా” అని తెలుగులో అడగడానికి అవస్థ పడుతున్నారు. ముసలమ్మ అన్నిటికీ తలూపుతోంది. ఈమె పక్కన కూలబడి, “అవ్వా, దగ్గు ఎప్పటి సంది? తెమడ పడ్తుందా? నెత్తురు జీర ఏమన్న కనబడ్డదా? రాత్రిపూట చెమటలు పడ్తున్నయా?” అని అడిగింది. ముసలమ్మ అరగంట మాట్లాడింది. మిగతావాళ్లు లాగ్‌బుక్కులో రాసుకున్నారు.

అది ఒక జూనియర్ మేడమ్ చూసింది. మరుసటి వారం క్లాసులో, రోగిని ఎట్లా అడగాలో అందరికీ చేసి చూపించమని ఈమెను ముందుకు పిలిచింది. ఈమె ముసలమ్మ, ఇంకో అబ్బాయి డాక్టర్. క్లాసంతా నవ్వింది, ఈసారి ఈమెతో కలిసి. ఆ రోజు చివర ఈమె చెయ్యెత్తి ఒక ప్రశ్న అడిగింది. ఏడాదిలో మొదటిది.

“మరి శనివారం ప్రసంగం ఎట్లుండె?” అని అడిగిన.

“ఏసీ మంచిగుండె అన్నా. నిద్రవోయిన” అంది.